నాలుగు సంఖ్యల వెనక పేరు

2014 ఫిబ్రవరిలో మా ఇంటర్నెట్ కంపెనీ నుంచి నాకో ఉత్తరం వచ్చింది. అప్పటికి నేను ఎమ్మెస్ రెండో సెమిస్టర్లో ఉన్నాను. రెండు బెడ్రూముల అపార్ట్‌మెంటులో ఐదుగురం. కరెంటు బిల్లు ఒకడి పేరు మీద, ఇంటర్నెట్ నా పేరు మీద. ఫలానా రోజు రాత్రి మీ కనెక్షన్ నుంచి ఫలానా ఇంగ్లీషు సినిమాని టోరెంట్‌లో పంచారని హక్కుదారులు ఫిర్యాదు చేశారు, ఇకముందు జాగ్రత్త.. ఇదీ సారాంశం. ఆ రాత్రి నేను లైబ్రరీలో అసైన్‌మెంటు చేసుకుంటున్నా. (పీర్ టు పీర్ నెట్‌వర్కుల మీదే. నవ్వకండి.)

నలుగురూ "నేను కాదంటే నేను కాదు" అన్నారు. నాకు కళ్ళ ముందు కనిపించింది సినిమా కాదు, వీసా. అందరిలోకీ ధీమాగా ఉన్నవాడు మాత్రం ఒక మంచి ప్రశ్న వేశాడు: "మన పేరెక్కడా ఇవ్వలేదు కదరా, ఎలా పట్టుకున్నారు?"

దీనికి జవాబు కావాలంటే 1999కి వెళ్ళాలి. షాన్ ఫానింగ్ రాసిన నాప్‌స్టర్‌లో పాటలు జనం కంప్యూటర్లలోనే ఉండేవి, ఏ పాట ఎవరి దగ్గరుందనే జాబితా మాత్రం కంపెనీ సర్వర్లో ఉండేది. 2000లో మెటాలికా బ్యాండు వాళ్ళు మూడు లక్షల పైచిలుకు యూజర్ల జాబితా పట్టుకెళ్ళి నాప్‌స్టర్‌కిచ్చి, వీళ్ళని ఆపమన్నారు. అన్నీ పెట్టుడు పేర్లే! అసలు మనుషులెవరో అప్పట్లో ఎవరూ పెద్దగా వెతకలేదు. అవసరం లేదు కూడా. పట్టుకోవడానికి నాప్‌స్టర్ పీక ఒకటుంది. 2001 ఫిబ్రవరిలో అప్పీళ్ళ కోర్టు ఆ పీక పట్టుకుంది, జులైకల్లా సర్వీసు ఆగిపోయింది.

తర్వాతి తరం ప్రోగ్రాములు అసలు పీకే లేకుండా పుట్టాయి. 2000 మార్చిలో నుటెల్లా, ఆ తర్వాత కజా. నుటెల్లాలో మీ వెతుకులాట ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి చేతులు మారుతూ పోతుంది, మధ్యలో కంపెనీ లేదు. జనం దీన్నే అజ్ఞాతం అనుకున్నారు. కానీ ఫైలు చివరికి నేరుగా ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కి రావాలి. పార్సిల్ ఇంటికి రావాలంటే ఇంటి నంబరు చెప్పక తప్పదు కదా. ఆ నంబరే ఐపీ అడ్రసు. రికార్డింగ్ కంపెనీల తరఫు మనుషులు చేసిందల్లా, అందరిలాగే కజా వేసుకుని, వెతికి, ఎదుటివాడి షేర్డ్ ఫోల్డరు ఫొటో తీసి, ఐపీ రాసుకోవడమే. హ్యాకింగూ లేదు, పాడూ లేదు.

బిట్‌టోరెంట్ (2001, బ్రామ్ కోహెన్) ఇంకో అడుగు ముందుకేసింది. అందులో దించుకుంటూ ఉండగానే మీ దగ్గరున్న ముక్కల్ని పక్కవాళ్ళకి పంచుతుంటారు. "నేను దించుకున్నానంతే, ఎవరికీ ఇవ్వలేదు" అనే మాట అక్కడ చెల్లదు.

ఇక ఐపీ నుంచి పేరుకి వెళ్ళాలి. ఆ పేరు ఇంటర్నెట్ కంపెనీ దగ్గరే ఉంటుంది. నాకు ఈ కథలో అన్నిటికంటే ఆసక్తి కలిగించేది ఈ మలుపే. 1998 నాటి డీఎంసీఏ చట్టంలో, కేసు వేయకుండా, జడ్జి చూడకుండా, కోర్టు గుమాస్తా సంతకంతోనే పేరు అడిగే వీలుంది. 2002లో ఇలా అడిగితే వెరైజాన్ ఇవ్వనంది. కింది కోర్టులో ఓడి, 2003లో ఇచ్చింది. ఆ సెప్టెంబరు 8న 261 మంది మీద కేసులు పడ్డాయి. అందులో న్యూయార్కులో పన్నెండేళ్ళ పిల్ల ఒకతి.. వాళ్ళమ్మ 2,000 డాలర్లు కట్టి బయటపడింది. మసాచుసెట్స్‌లో ఒక పెద్దావిడ వాడేది మ్యాక్ కంప్యూటర్, దాని మీద కజా నడవనే నడవదు! ఆ కేసు వెనక్కి తీసుకున్నారు.

2003 డిసెంబరులో పై కోర్టులో వెరైజాన్ గెలిచింది. గుమాస్తా సంతకం చాలదంది కోర్టు. అజ్ఞాతం గెలిచిందనుకునేలోపే, జనవరిలో 532 మంది "జాన్ డో"ల మీద, అంటే పేరు తెలియని ప్రతివాదుల మీద, కేసులు వేశారు. ముందు కేసు, ఆ కేసులో జడ్జి అనుమతి, ఆ తర్వాత పేరు. దారి కాస్త పొడుగైంది, అంతే. తర్వాత సినిమా కంపెనీలూ ఇదే దారి పట్టాయి.

చట్టంలో ఒక్కో పాటకి కనీసం 750 డాలర్లు, కావాలని చేశారంటే 1,50,000 వరకూ. మిన్నెసోటాలో ఒకావిడకి 24 పాటలకి 2007లో జ్యూరీ వేసింది 2,22,000 డాలర్లు. రెండో విచారణలో, 2009లో, అది 19.2 లక్షలైంది! ఇంకా నడిచి నడిచి, 2012లో మళ్ళీ 2,22,000 దగ్గరే ఆగింది. ఆవిడని పట్టిచ్చినవాటిలో ఐపీతో పాటు ఆవిడ పెట్టుడు పేరూ ఉంది. ఈమెయిల్‌కీ ఇంకా చాలా చోట్లా అదే వాడిందట. మనలో ఎంతమందికి కాలేజీ రోజులనాటి పేరు అలా ప్రతిచోటా అంటుకుని లేదు!

రికార్డింగ్ సంఘం 2008 డిసెంబరులో ఈ మూకుమ్మడి కేసులు ఆపేస్తున్నామంది. మా ఉత్తరం సంగతంటారా, అది కంపెనీ నాకు చేరవేసిన ఫిర్యాదే. నా పేరు సినిమావాళ్ళకి చేరలేదు, రెండో ఉత్తరమూ రాలేదు. అయినా ఓపీటీ కార్డు చేతికొచ్చేదాకా మెయిల్ బాక్సు తెరవాలంటే గుండె దడే.

2018 ఆగస్టులో తొమ్మిదో సర్క్యూట్ కోర్టు తీర్పొకటి చదివాను. ఆరెగాన్‌లో వృద్ధులకీ వికలాంగులకీ వసతినిచ్చే ఇల్లు నడిపే ఒకాయన మీద సినిమా కేసు. అక్కడి ఇంటర్నెట్ చాలామంది వాడేవాళ్ళు. బిల్లు ఒకరి పేరు మీద ఉన్నంత మాత్రాన దొంగ ఆయనేనని అనుకోవడానికి చాలదంది కోర్టు. సరిగ్గా మా అపార్ట్‌మెంటు కథే! వెంటనే డాలస్‌లో ఉన్న ఆ ధీమాగాడికి ఫోన్ చేసి చెప్పా.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అయితే నేను బయటపడేవాణ్ణే అన్నమాట" అన్నాడు.

"నువ్వు కాదురా, నేను" అన్నాను.