సెక్యూరిటీ గార్డు ఉద్యోగం: లైసెన్సు ఎవరికి, ట్రైనింగ్ ఎన్ని గంటలు?

ఉమ్మడి కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలో, ముఖ్యంగా జగ్గయ్యపేట, నందిగామ వైపు, చదువు మధ్యలో ఆపేసిన కుర్రాళ్లకూ గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన నడివయసు వాళ్లకూ త్వరగా దొరికే పనుల్లో సెక్యూరిటీ గార్డు పని ఒకటి. జయంతిపురం, ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలు, హైవే మీద టోల్ ప్లాజాలు, మిర్చి కోల్డ్ స్టోరేజీలు, ఆసుపత్రులు, ఫంక్షన్ హాళ్లు... అన్నిచోట్లా కాపలా మనుషులు కావాలి. ఇందులో చేరబోయే వాళ్లను ముందుగా తికమక పెట్టేది 'లైసెన్సు' అనే మాట. లైసెన్సు తీయిస్తాం, ఇంత కట్టమని ఎవరైనా అడిగితే అక్కడే ఆగాలి. మన చట్టంలో గార్డుకు విడిగా లైసెన్సు అంటూ లేదు. లైసెన్సు తీసుకోవాల్సింది ఏజెన్సీ. గార్డు దగ్గర ఉండాల్సింది ట్రైనింగ్ సర్టిఫికెట్, ఏజెన్సీ ఇచ్చే ఫోటో గుర్తింపు కార్డు.

దుబాయ్‌లో చేసొచ్చిన వాళ్లకు ఇది వింతగా ఉంటుంది. అక్కడ సీరా అనే ప్రభుత్వ సంస్థ ట్రైనింగ్, పరీక్ష అయ్యాక గార్డు పేరు మీదే కార్డు ఇస్తుంది. ఇక్కడ అంతా ఏజెన్సీ చుట్టూ తిరుగుతుంది.

మన దేశంలో ఈ రంగానికి ఆధారం 2005 నాటి ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల (నియంత్రణ) చట్టం. 2006 మార్చి 15 నుంచి అమల్లో ఉంది. లైసెన్సు ఇచ్చే అధికారం రాష్ట్ర హోంశాఖలో జాయింట్ సెక్రటరీ స్థాయికి తగ్గని అధికారిది. పోలీసుల నుంచి నిరభ్యంతర పత్రం వచ్చాక, దరఖాస్తు అందిన 60 రోజుల్లోపు ఇవ్వడమో కాదనడమో తేల్చాలి. చట్టంలో ఉన్న ఫీజు ఒక్క జిల్లాకైతే రూ.5 వేలు, ఐదు జిల్లాల వరకు రూ.10 వేలు, రాష్ట్రమంతటికీ రూ.25 వేలు. గడువు ఐదేళ్లు. లైసెన్సు లేకుండా ఏజెన్సీ నడిపితే ఏడాది వరకు జైలు, లేదా రూ.25 వేల వరకు జరిమానా, లేదా రెండూ.

సరిహద్దు ఊళ్లకు ఇక్కడో మెలిక ఉంది. 2022 ఏప్రిల్ నుంచి జగ్గయ్యపేట, నందిగామ ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాయి కాబట్టి, ఇక్కడి ఏజెన్సీ మచిలీపట్నంలో కూడా గార్డులను పెడితే అది రెండో జిల్లా కింద లెక్క. ఇక గరికపాడు చెక్‌పోస్టు దాటి కోదాడలో పెట్టాలంటే తెలంగాణ లైసెన్సు వేరే ఉండాలి. ఊళ్లు పక్కపక్కనే ఉన్నా సరే.

గార్డుగా చేరే మనిషికి 18 ఏళ్లు నిండాలి, 65 దాటకూడదు. కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనల ప్రకారం మగవాళ్ల ఎత్తు 160 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 150. రంగులు గుర్తుపట్టే చూపు ఉండాలి. కిలోమీటరు దూరం ఆరు నిమిషాల్లో పరుగెత్తాలి. ఈ ఒక్క షరతు పక్కాగా అమలు చేస్తే చాలా గేట్ల దగ్గర కుర్చీలు ఖాళీ అవుతాయి! ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు చదివి గుర్తింపు కార్డు సరిచూడగలగాలి. ఉర్దూ మీడియంలో చదివిన వాళ్లు దీనికి జంకక్కర్లేదు, అడిగేది అంతవరకే. నడవడిక, పాత కేసుల విషయం ఏజెన్సీ విచారించుకోవాలి.

అసలు విషయం ట్రైనింగ్. క్లాసులో 100 గంటలు, బయట మైదానంలో 60 గంటలు, మొత్తం కనీసం 20 పనిదినాల మీద జరగాలి. అంటే రోజుకు ఎనిమిది గంటల చొప్పున దాదాపు నెల పని. మాజీ సైనికులకు, మాజీ పోలీసులకు 40 గంటల క్లాసు, 16 గంటల ఫీల్డు, కనీసం ఏడు రోజులు చాలు. నేర్పాల్సినవి కూడా తక్కువేం కాదు. మంటలు ఆర్పడం, ప్రథమ చికిత్స, జనాన్ని అదుపు చేయడం, అనుమానాస్పద పేలుడు వస్తువులు గుర్తించడం, ఎఫ్ఐఆర్ ఎలా ఇవ్వాలి, ఆత్మరక్షణ హక్కు ఎంతవరకు. నిబంధనల్లో ఐపీసీ అని రాసి ఉన్నా, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. కాబట్టి పాత నోట్సు పెట్టుకుని చెప్పే క్లాసు సరిపోదు.

పొద్దున పేరు రాయించుకుని రాత్రికే నైట్ డ్యూటీలో నిలబెడితే ఆ 160 గంటలు ఎప్పుడు జరిగినట్టు? సర్టిఫికెట్ కాగితం మీద ఉంటుంది, మనిషికి మాత్రం సిలిండర్ పిన్ను ఎటు లాగాలో తెలియదు. కోల్డ్ స్టోరేజీలో అర్ధరాత్రి పొగ లేస్తే ముందు చూసేది, ముందు లోపలికి పోయేది అతనే. ట్రైనింగ్ ఇప్పించే బాధ్యత చట్టం ఏజెన్సీ మీదే పెట్టింది. ఇప్పించకపోతే రూ.25 వేల వరకు జరిమానా, దాంతోపాటు లైసెన్సు సస్పెన్షన్ లేదా రద్దు. గార్డులను తీసుకునే యజమానులు రేటు ఒక్కటే బేరమాడకుండా లైసెన్సు కాపీ, సర్టిఫికెట్లు అడిగి చూడటం మంచిది.

యూనిఫాం పోలీసులదో, సైన్యందో అనిపించేలా ఉండకూడదు. ఉంటే వేసుకున్న గార్డుకూ ఏజెన్సీ యజమానికీ ఏడాది వరకు జైలు గానీ, రూ.5 వేల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. తుపాకీ పట్టే గార్డు సంగతి వేరు. దానికి 1959 నాటి ఆయుధాల చట్టం కింద విడిగా లైసెన్సు ఉండాలి.

చాలామందికి తెలియని నిబంధన ఇంకొకటి. ఈ చట్టం చివర ఒక షెడ్యూల్ ఉంది. అందులో కనీస వేతనాలు, పీఎఫ్, బోనస్, గ్రాట్యుటీ చట్టాల పేర్లున్నాయి. వాటిని ఉల్లంఘించడం కూడా ఏజెన్సీ లైసెన్సు రద్దుకు కారణం కావొచ్చు. ఆ చట్టాల్లో చాలావరకు 2025 నవంబర్ 21 నుంచి లేబర్ కోడ్‌లలో కలిశాయి. పీఎఫ్ కోసి కట్టకపోతే పీఎఫ్ ఆఫీసుకు, జీతం కనీస వేతనం కంటే తగ్గితే కార్మిక శాఖకు ఫిర్యాదు చేసి, దాని కాపీ హోంశాఖలోని లైసెన్సు అధికారికి కూడా పంపొచ్చు. అప్పుడు పనికొచ్చేవి గుర్తింపు కార్డు, డ్యూటీ చేసిన తేదీలు, బ్యాంకులో పడిన జీతం వివరాలు. పని మానేసినప్పుడు కార్డు ఏజెన్సీకి తిరిగి ఇచ్చేయాలి కాబట్టి, దాని ఫోటో ముందే ఫోన్‌లో తీసి పెట్టుకోవాలి.