‘దాసి’ దుస్తులు - ఒక డ్రాయింగు మాస్టారి ఘనత

పల్లెటూరి సినిమాకు దుస్తులదేముంది, నాలుగు పాతచీరెలు, రెండు ధోవతులు చాలు కదా అని చాలామంది అనుకుంటారు. అది సరికాదని చెప్పడానికి మన తెలంగాణలోనే మంచి ఉదాహరణ వుంది. ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరైన నేను ఆ సంగతిని ఈ ప్రత్యేక సంచికలో మిత్రులకు చెప్పాలనుకున్నాను.

1983లో ‘గాంధీ’ చిత్రానికి భాను అథయ్యా గారు ఆస్కారు అందుకున్నారని మనకు తెలుసు. కాని 1988 నాటి ‘దాసి’ చిత్రానికి దుస్తుల రూపకల్పనలో జాతీయ అవార్డు పొందిన మిర్యాలగూడ సుదర్శన్ గారి పేరు ఎందరికి తెలుసు? ఆయన డ్రాయింగు మాస్టారు! బళ్ళో చార్టులు గీయించి, వార్షికోత్సవానికి తెరలు రాయించి, ఆ తర్వాత మనం మరచిపోయే డ్రాయింగు మాస్టార్ల కోవలోని మనిషి.

ఈ విభాగంలో జాతీయ అవార్డు 1984 చిత్రాలతో మొదలైంది. మొదటిసారి ‘ఉత్సవ్’ అనే హిందీ చిత్రానికి, అంటే ప్రాచీన నగర వైభవానికి దక్కింది. నాలుగేళ్ళకే గడీలో వెట్టిచేసే దాసి కట్టుబట్టకు దక్కింది. బి. నర్సింగరావు గారి దర్శకత్వంలోని ఆ చిత్రానికి మొత్తం అయిదు జాతీయ అవార్డులు వచ్చాయి. కమలాక్షిగా నటించిన అర్చన గారు ఉత్తమనటి కాగా, కళాదర్శకత్వానికి చిత్రకారుడు తోట వైకుంఠం గారు పొందారు.

నిజాం కాలంలో దొరల ఇళ్ళలో పెళ్ళికూతురి వెంట ఆడపిల్లలను అరణంగా పంపేవారు. అలాంటి లోకాన్ని చూపేటప్పుడు ఎవరు దొరసాని, ఎవరు దాసి అని మాటల్లో చెప్పనక్కరలేదు, బట్టే చెప్పాలి. కాయకష్టం చేసే స్త్రీలది గోచికట్టు. కుచ్చెళ్ళు వెనక్కి తీసి దోపుకొని, పిక్కలు విడిగా వుంటేనే బురదలో నాటు వేయగలరు, బిందె మోయగలరు. చీరె సాలెల మగ్గం మీద నేసిన ముతక నూలుది. మా నాయనమ్మకు అలాంటివి రెండే వుండేవి. ఒకటి ఆరేస్తే రెండోది కట్టేది. మగవారికి మోకాళ్ళ పైకి కట్టిన ధోవతి, తలకు రుమాలు, భుజాన కురుమలు నేసిన గొంగడి. దొరకైతే షేర్వాణీ.

కొత్తబట్ట కెమెరా ముందు అబద్ధం చెబుతుంది. అందుకే సినిమావారు దాన్ని పదేపదే ఉతికి, టీ డికాక్షన్‌లో ముంచి, ఎండలో వెలిసేట్టు చేసి పాతబరుస్తారు. అయితే ఏ బట్ట ఎక్కడ చిరుగుతుందో, ఎక్కడ మాసిక పడుతుందో పల్లెను కళ్ళారా చూసినవారికే తెలుస్తుంది. బొమ్మ గీసే మాస్టారికి ఆ చూపు వుంటుంది.

సుదర్శన్ గారు 2024లో కన్నుమూశారు. చివరివరకు ‘దాసి’ సుదర్శన్‌గానే పిలిపించుకున్నారు. బీదవారి బట్టలు పెట్టెల్లో మిగలవు, మ్యూజియంలకు చేరవు, చినిగి మసిగుడ్డలవుతాయి. వాటి జ్ఞాపకం ఇక మన తరంలోనే వుంది. మిత్రులు తమ అమ్మమ్మలు, నాయనమ్మలు ఏ బట్ట ఎలా కట్టేవారో ఒక నోటుబుక్కులో రాసి మనుమలకు ఇవ్వవలసిందిగా నా మనవి. అదీ చరిత్రే.