కెప్లర్ చెప్పిన నల్లచుక్క

నంబులపూలకుంటలో సూర్యుడంటే ఇప్పుడు కరెంటు. వేల ఎకరాల్లో పరిచిన సోలార్ పలకలు పొద్దుగూకేదాకా ఆయనకేసే చూస్తుంటాయి. మనిషి అలా చూడలేడు. అయినా సూర్యుడి మీద ఫలానా రోజున ఓ నల్లచుక్క పాకుతుంది, కాచుకుని చూడండని 1629లో అచ్చువేసి మరీ చెప్పినవాడు ఖగోళ శాస్త్రవేత్త యోహాన్నెస్ కెప్లర్.

1571లో జర్మనీలోని వైల్ డెర్ ష్టాట్‌లో పుట్టాడు. చిన్నప్పుడు అమ్మవారు పోసి చూపు మందగించింది. అందుకే తన కళ్లకన్నా ఖగోళ పరిశీలకుడు టైకో బ్రాహి రాసిపెట్టిన కొలతలనే నమ్ముకున్నాడు. కుజుడి దారితో ఏళ్ల తరబడి కుస్తీపట్టి, గ్రహాలు తిరిగేది వృత్తంలో కాదు, దీర్ఘవృత్తంలో అని 1609లో తేల్చాడు. తల్లిని మంత్రగత్తె అని చెరలో పెడితే, ఆ కేసులో వాదనలు తానే రాసి విడిపించుకున్నాడు. ఇన్ని గొడవల నడుమ 1627లో గ్రహగణిత పట్టికలు వెలువరించాడు. 1631 నవంబరు 7న బుధుడు, ఆ మరుసటి నెల శుక్రుడు సూర్యబింబాన్ని దాటతారని లెక్కకట్టాడు. ఈ దాటడమే అంతర్యానం.

చూడ్డానికి ఆయన లేడు. 1630 నవంబరులోనే పోయాడు.

చెప్పిన రోజునే పారిస్‌లో గసెండీ అనే పరిశీలకుడికి బుధుడు కనిపించాడు. శుక్రుడు దాటేవేళకు యూరప్‌లో చాలాచోట్ల రాత్రి.

ఒక చుక్క కోసం ఇంత తాపత్రయమా? కెప్లర్ సూత్రాలతో గ్రహాల దూరాల నిష్పత్తి తెలిసింది, మైళ్లు తెలియలేదు. పటం చేతికొచ్చింది, స్కేలు రాలేదు. శుక్రుడు దాటే సమయాన్ని భూమ్మీద దూరదూరపు చోట్ల నుంచి కొలిచి పోలిస్తే ఆ స్కేలు దొరుకుతుందని 1716లో ఖగోళ శాస్త్రవేత్త హాలీ దారిచూపాడు.

1874 డిసెంబరు 9న అలా సూర్యుడి వైపు తిరిగిన టెలిస్కోపుల్లో ఒకటి విశాఖపట్నానిది. మద్రాసు వేధశాలలో టేలర్ దగ్గర విద్య నేర్చిన గోడే వెంకట జగ్గారావు 1840లో డాబాగార్డెన్స్‌లో సొంత వేధశాల కట్టించాడు. జమీందారీ సొమ్ము పోయిన దారుల్లో ఇంత మంచిది అరుదు. 1856లో ఆయన పోయాక, దాన్ని నడిపిన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ శుక్రుణ్ణి పరిశీలించాడు.

శుక్రుడు మళ్లీ 2117లోగానీ దాటడు. బుధుడు మాత్రం 2032 నవంబరు 13న, మధ్యాహ్నం పన్నెండు దాటాక, నంబులపూలకుంటలోనూ కనిపిస్తాడు. వట్టి కళ్లకు ఆనడు, పైగా వట్టి కళ్లతో సూర్యుణ్ణి చూస్తే చూపే పోతుంది. టెలిస్కోపుకు సోలార్ ఫిల్టరు బిగించాలి. అప్పటికల్లా మీ ఊరి బడికి అలాంటిదొకటి సమకూర్చండి.