ఇబ్రహీంపట్నం ప్రణాళిక: నీటి దారి, బూడిద లెక్క తేలాకే ఇళ్ల స్థలాలు

ఇబ్రహీంపట్నం: ఒకవైపు కొండపల్లి కొండలు, మరోవైపు కృష్ణానది. వాటి నడుమ విస్తరించిన ఇబ్రహీంపట్నం మండలంలో నేలకు గిరాకీ ఎక్కువ, ఖాళీ తక్కువ. థర్మల్ విద్యుత్ కేంద్రం, కొండపల్లి పారిశ్రామికవాడ, చమురు సంస్థల డిపోలు, రెండు జాతీయ రహదారులు, రైలు మార్గం, బుడమేరు మళ్లింపు కాల్వ అన్నీ ఇక్కడే ఉన్నాయి. మిగిలిన చోటే పేదల ఇళ్లకు స్థలం చూపాలి. గృహవసతి, విద్యుత్తు, పర్యావరణం అనే మూడింటినీ మూడు శాఖలు విడివిడిగా చూసుకుంటే ఒకరి పరిష్కారం మరొకరికి సమస్యగా మారుతుంది. 2024 సెప్టెంబరు వరదల తర్వాత ఈ మాటకు వేరే రుజువు అక్కరలేదు.

ప్రణాళిక బాధ్యత ఎవరిది?

కొండపల్లి, ఇబ్రహీంపట్నం గ్రామాలు కలిసి కొండపల్లి పురపాలక సంఘంగా ఏర్పడ్డాయి. దీనికి తొలి ఎన్నికలు 2021 నవంబరులో జరిగాయి. మండలంలోని మిగిలిన గ్రామాలు పంచాయతీల కిందే ఉన్నాయి. 1978లో ఏర్పడిన పట్టణాభివృద్ధి సంస్థ స్థానంలో 2014 డిసెంబరులో రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్డీఏ) వచ్చింది. 2020లో రద్దయి, మరుసటి ఏడాది పునరుద్ధరణ పొందిన ఈ సంస్థకు భూవినియోగ ప్రణాళిక, లేఅవుట్ల అనుమతుల బాధ్యత ఉంది. 2022 ఏప్రిల్ 4న మండలం ఎన్టీఆర్ జిల్లాలో చేరింది.

వీరందరి ప్రణాళికలను ఒకచోట చేర్చేందుకు రాజ్యాంగంలోని 243 జెడ్‌డి అధికరణం జిల్లా ప్రణాళికా సంఘాన్ని నిర్దేశించింది. పంచాయతీలకు, పురపాలక సంఘాలకు ఉమ్మడిగా సంబంధించిన అంశాలను, అంటే నేల వినియోగం, నీటి పంపకం, సహజ వనరులు, మౌలిక వసతులు, పర్యావరణ పరిరక్షణను కలిపి చూడాలని అందులో స్పష్టంగా ఉంది. రాష్ట్రంలో ఇందుకు 2005లో ప్రత్యేక చట్టం చేశారు. ఇబ్రహీంపట్నం వంటి మండలానికి ఈ నిబంధన ఎంత అవసరమో కింది లెక్కలు చెబుతాయి.

వెలుగు వెనుక బూడిద

డాక్టర్ నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రంలో 210 మెగావాట్ల తొలి రెండు యూనిట్లు 1979-80లో మొదలయ్యాయి. 1989-90లో మరో రెండు, 1994-95లో ఇంకో రెండు చేరాయి. 2009లో 500 మెగావాట్ల ఏడో యూనిట్, 2023 డిసెంబరులో 800 మెగావాట్ల ఎనిమిదో యూనిట్ ఉత్పత్తిలోకి వచ్చాయి. మొత్తం సామర్థ్యం 2,560 మెగావాట్లు.

యూనిట్ విద్యుత్తుకు సుమారు 650 గ్రాముల బొగ్గు అనుకున్నా, కేంద్రం పూర్తి సామర్థ్యంతో నడిచిన రోజున 40 వేల టన్నుల బొగ్గు మండుతుంది. మన దేశపు బొగ్గులో బూడిద పాలు ఎక్కువ. మూడో వంతు అని లెక్కించినా రోజుకు 13 వేల టన్నులు మిగులుతుంది. 20 టన్నుల లారీలకు ఎత్తితే 650 లారీలు. ఇందులో ఎత్తగలిగినంత ఎత్తగా మిగిలినది చెరువులో చేరుతుంది. వేసవిలో చెరువు పైపొర ఆరితే గాలికి లేచేదీ, కప్పని లారీల నుంచి రోడ్ల మీద రాలేదీ ఆ బూడిదే.

2021 డిసెంబరు 31న కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం థర్మల్ కేంద్రాలు తమ బూడిదను నూటికి నూరు శాతం వినియోగంలోకి తేవాలి. ఏడాది చివర వినియోగం కాని బూడిదకు టన్నుకు రూ.1,000 పర్యావరణ పరిహారం చెల్లించాలి. చెరువుల్లో ఏళ్లుగా పేరుకున్న పాత బూడిదను కూడా దశలవారీగా తొలగించాలి.

పొగగొట్టం నుంచి వెలువడే ధూళికి 2015 డిసెంబరు నిబంధనలు యూనిట్ వయసును బట్టి పరిమితులు విధించాయి. 2003కు ముందు వచ్చిన యూనిట్లు ఘనపు మీటరుకు 100 మిల్లీగ్రాములు, 2004-16 మధ్య వచ్చినవి 50, ఆ తర్వాతవి 30 మిల్లీగ్రాములు దాటరాదు. అంటే ఒకే ఆవరణలోని ఎనిమిది యూనిట్లకు మూడు రకాల కొలతలు వర్తిస్తాయి. కొలతలు ఎన్నయినా కింద ఉన్నవారు పీల్చే గాలి ఒక్కటే.

నీటికి దారి ఇవ్వకపోతే..

బుడమేరు సహజంగా కొల్లేరు వైపు పారే వాగు. వెలగలేరు రెగ్యులేటర్ వద్ద దాని వరదను మళ్లింపు కాల్వలోకి తిప్పి, ఇబ్రహీంపట్నం ఫెర్రీ వద్ద కృష్ణలో కలిపే ఏర్పాటు ఉంది. పట్టిసీమ నుంచి పోలవరం కుడి కాల్వ ద్వారా వచ్చే గోదావరి నీరు నదిలో చేరేదీ ఇక్కడే. అందుకే ఈ చోటికి పవిత్ర సంగమం అని పేరు వచ్చింది.

ఈ ఏర్పాటుకు ఒక పరిమితి ఉంది. కృష్ణ నిండుగా ఉన్నప్పుడు మళ్లింపు కాల్వ నీరు నదిలోకి దిగదు, వెనక్కి ఎగదన్నుతుంది. 2024 సెప్టెంబరులో జరిగింది అదే. ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణ వరద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరి, 2009 అక్టోబరు నాటి 11.10 లక్షల రికార్డును దాటింది. అదే సమయంలో బుడమేరుకు కాల్వ మోయగలిగిన దానికి రెట్టింపు మించి నీరు వచ్చింది. కొండపల్లి శాంతినగర్ సమీపంలో మూడు గండ్లు పడ్డాయి. విజయవాడలోని సింగ్‌నగర్, పరిసర కాలనీలు రోజుల తరబడి నీటిలో ఉండిపోయాయి. పేదల కోసం కట్టిన జక్కంపూడి కాలనీకీ ముంపు తప్పలేదు.

రెట్టింపు నేల ఎక్కడిది?

2020 డిసెంబరులో మొదలైన పథకంలో పేదలకు పట్టణాల్లో సెంటు, గ్రామాల్లో సెంటున్నర స్థలం ఇచ్చారు. 2024లో వచ్చిన ప్రభుత్వం దీనిని పట్టణాల్లో 2, గ్రామాల్లో 3 సెంట్లకు పెంచాలని నిర్ణయించింది. కుటుంబానికి ఇది మేలే. అయితే అంతే సంఖ్యలో ఇళ్లకు రెట్టింపు భూమి కావాలి. గ్రామంలో వంద స్థలాలకు రోడ్లు, కాల్వలు కాక 3 ఎకరాలు అవసరం. రహదారుల పక్క ధరలు పెరిగిన చోట చవకగా దొరికేది పల్లపు నేలే. దానిని మెరక చేయాలంటే గ్రావెల్ కావాలి, గ్రావెల్ కోసం కొండలను తవ్వాలి. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి చెట్టు పెరిగేది ఆ కొండల అడవిలోనే. కొండను కరిగించి వాగు దారిని పూడ్చితే అడవీ పోతుంది, ఇంటికీ ముంపు తప్పదు.

బూడిదకు పని, కొండకు విశ్రాంతి

బూడిదను ఇళ్ల నిర్మాణానికి మళ్లిస్తే రెండు సమస్యలూ కొంత తగ్గుతాయి. అయితే ఇటుకలొక్కటే చాలవు. మూడు కిలోల ఇటుకలో సగం బూడిద అనుకుంటే వెయ్యి ఇటుకలకు పట్టేది ఒకటిన్నర టన్నే. రోజుకు 13 వేల టన్నులు ఇటుకలకే వాడాలంటే 86 లక్షల ఇటుకలు పోయాలి. కనుక సిమెంటుకు, రోడ్ల కట్టలకు, మెరకకు కూడా మళ్లించాలి. పొజొలానా సిమెంటులో 35 శాతం వరకు బూడిద కలపవచ్చు. జిల్లాలోని జగ్గయ్యపేట ప్రాంతంలో సిమెంటు కర్మాగారాలు ఉండటం కలిసివచ్చే అంశం. మెరకకు వాడేటప్పుడు మాత్రం జాగ్రత్త అవసరం. బూడిదలోని భార లోహాలు భూగర్భ జలంలోకి దిగే ప్రమాదం ఉన్నందున బావులు, చెరువులు, కాల్వల పక్కన పోయరాదు. కాలుష్య నియంత్రణ మండలి అనుమతితో, పైన మట్టి కప్పి మాత్రమే వాడాలి.

ఇంటి పైకప్పు మీదే కరెంటు తీయడం మరో మార్గం. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో కిలోవాట్‌కు రూ.30 వేలు, రెండు కిలోవాట్లకు రూ.60 వేలు, మూడు కిలోవాట్లకు రూ.78 వేల రాయితీ ఉంది. దుమ్ము పేరుకుంటే పలకల ఉత్పత్తి తగ్గుతుంది. అందువల్ల ఇబ్రహీంపట్నంలో సౌర విద్యుత్తు లాభం కూడా బూడిద అదుపుతో ముడిపడి ఉంది.

ప్రాధాన్యాల వరుస

మండలానికి ఏ ప్రణాళిక రూపొందించినా పనులు ఈ వరుసలో సాగితేనే ప్రయోజనం. మొదట బుడమేరు, మళ్లింపు కాల్వ, వాగుల ముంపు హద్దులను 2024 వరద ఆనవాళ్ల ఆధారంగా పటంలో గుర్తించాలి. రెండు, ఆ హద్దుల లోపల ఇళ్ల స్థలాలకు, లేఅవుట్లకు అనుమతి ఇవ్వరాదు. మూడు, రోజువారీ బూడిద ఉత్పత్తి, వినియోగం లెక్కలు పంచాయతీ, పురపాలక కార్యాలయాల్లో అందరికీ కనిపించేలా ఉంచాలి. నాలుగు, బూడిద లారీలకు ఊళ్ల బయటి దారి చూపాలి, పట్టా కప్పనిదే కదలనివ్వరాదు. ఐదు, గృహనిర్మాణ పథకాల్లో బూడిద ఇటుకల వాడకాన్ని తప్పనిసరి చేయాలి.

అమరావతి పనులు 2025 మేలో తిరిగి మొదలయ్యాయి. ఎర్రుపాలెం-అమరావతి-నంబూరు రైలు మార్గానికి 2024 అక్టోబరులో కేంద్ర ఆమోదం లభించింది. నదికి ఇవతల ఉన్న ఇబ్రహీంపట్నంలో ఇళ్లకు గిరాకీ ఇంకా పెరగనుంది. పట్టా చేతికి అందాక పేద కుటుంబం అప్పు చేసి కట్టుకునే ఇల్లు ఒక్కటే. అది వాగు దారిలో ఉందో లేదో పట్టా ఇవ్వకముందే తేల్చడం అధికారుల పని.