మాట వెనుక కథ: ఇరుసు

ఇరుసు అచ్చమైన ద్రావిడ పదం. తమిళంలోనూ ‘ఇరుసు’ అనే అంటారు. 1852లో వెలువడిన బ్రౌన్ నిఘంటువులోనూ ఈ మాట ఉంది. ఎడ్లబండిలో తిరిగేది చక్రం, కదలకుండా బరువు మోసేది ఇరుసు. రాపిడి లేకుండా దానికి కందెన పూస్తారు.

గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప చేలలోకి ట్రాక్టరు రావడంతో క్లచ్చు, షాఫ్టు అనే మాటలూ వచ్చాయి. క్లచ్చు అంటే ఇంగ్లీషులో గట్టిగా పట్టుకోవడం. ఇంజను వెనకున్న ఫ్లైవీలుకు ప్లేటును స్ప్రింగులు అదిమి పడతాయి. ఆ పట్టుతోనే షాఫ్టు తిరిగి, గేర్ల మీదుగా వెనక చక్రాలకు బలం అందుతుంది. పెడల్ తొక్కితే పట్టు వదులుతుంది.

పాత ట్రాక్టరు ఇంజను మోగుతున్నా దుక్కిలో బండి లాగలేకపోతే, ప్లేటు అరిగిందో, దానికి నూనె పట్టిందో చూడాలి. అందుకు చాలా బండ్లను నడిమికి విడదీయక తప్పదు. విప్పినప్పుడే షాఫ్టు పళ్లు కూడా తడిమి చూడాలి. ఆయిల్ సీలు కారుతుంటే ముందు దాన్ని మార్చాలి, లేకుంటే కొత్త ప్లేటూ జారుతుంది. ఇరుసుకు ప్రాణం పోసే కందెనే క్లచ్చు ప్లేటుకు చేటు.

కొత్త యంత్రాల పేర్లు నేర్చుకుందాం. ఇరుసు అనే మన మాటను మాత్రం వదులుకోవద్దు.