కృష్ణమ్మ మీద పడవ పందెం

2018 నవంబర్ 16 నుంచి 18 దాకా విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర ఫార్ములా వన్ పడవ పందేలు జరిగాయి. బెంగళూరులో ఉన్న మనం టీవీలో చూసి, మోత గురించే మాట్లాడుకున్నాం. అసలు విద్య మోటారును పడవ వెనక చెక్కకి ఎంత ఎత్తున బిగించారన్న దాంట్లో ఉంది.

నీటిని తక్కువగా తాకాలన్న పాఠం 1930ల్లో అమెరికాలో వెంట్నార్ వాళ్లు చేసిన హైడ్రోప్లేన్ల నాటిది. వేగంలో ముందు రెండు అంచులూ, వెనక అడుగు చివరా, పడవ ఒంట్లో అంతే, నీటిని తాకేవి. మోటారు ఎత్తితే రాపిడి తగ్గుతుంది. మరీ ఎత్తితే ప్రొపెల్లర్ గాలిని చిలుకుతుంది. ముక్కు కాస్త ఎక్కువ లేచిందా, పడవ వెల్లకిలా పడుతుంది, లోపల మనిషి ఉంటాడు!

అమరావతి పేరుతో దిగిన జట్టులో పడవలు నడిపింది మాత్రం స్వీడన్ వాళ్లు, జోనాస్ అండర్సన్, ఎరిక్ ఎడిన్. మన కుర్రాళ్లు ఒడ్డున చప్పట్లు కొట్టారు. వాళ్ల చేతికి స్పానర్ ఎప్పుడిస్తారో?