తథాస్తు అనే ముందు

మా కొల్లాపూర్‌లో ఒకే మాట మూడు గొంతుకలతో వినిపిస్తుంది. శ్రీశైలం జలాశయం ముంపు నుంచి తరలించి కట్టిన మాధవస్వామి గుడిలో ఆశీర్వచనం ముగిస్తే ‘తథాస్తు’. మసీదులో దువా ముగిస్తే ‘ఆమీన్’. చర్చిలో ప్రార్థన ముగిస్తే ‘ఆమెన్’. అన్నిటికీ అర్థం ఒకటే కదా అనుకుంటాం. కాస్త ఆగి చూస్తే తేడా ఉంది.

తథా అంటే అట్లు, అస్తు అంటే అగుగాక. అది కోరిక. తథాస్తు దేవతలు తిరుగుతుంటారని సందెవేళ మనల్ని చెడ్డమాట అననిచ్చేవారు కారు పెద్దవాళ్లు.

ఆమెన్ హీబ్రూ మాట. దాని ధాతువుకు స్థిరంగా నిలవడం, నమ్మదగి ఉండడం అని అర్థం. అంటే ‘ఇది నిజం, దీనికి కట్టుబడతాను’ అని ఒప్పుకోవడమన్నమాట. అరబ్బీలో అదే ఆమీన్. ఖురానులో మొదటిదైన ఫాతిహా చదివాక అంటారే గానీ, అది ఆ అధ్యాయంలోని మాట కాదు. మనం వాడే అమానతు, ఈమాన్, కోర్టు అమీను, అన్నీ ఆ కుదురులోవే. అన్నిటిలోనూ ఉన్నది నమ్మకమే.

బైబిల్లో ఈ మాట మొదట ఎవరి నోట వస్తుందో తెలుసాండీ? సంఖ్యాకాండం 5వ అధ్యాయం 22వ వచనంలో, భర్త అనుమానించిన ఒక ఇల్లాలి నోట! యాజకుడు శాపం చదివి చేదునీళ్లు తాగిస్తాడు. ఆవిడ ‘ఆమెన్, ఆమెన్’ అనాలి. అనుమానించిన మొగుడికి మాత్రం ఏ నీళ్లూ లేవు. ద్వితీయోపదేశకాండం 27వ అధ్యాయంలోనూ శాపాలకు 12 సార్లు ఆమెన్ వినిపిస్తుంది. కానీ అక్కడ అనేది జనమంతా కలిసి. ఇక్కడ ఒక్కతే ఆడది.

అదే ధాతువులోంచి దాది అనే మాట కూడా పుట్టింది. కోడలు రూతు కన్న బిడ్డను నయోమి ఒళ్లోకి తీసుకుని దాది అయిందని చెప్పేచోట వాడిన మాట అదే. పసివాణ్ణి పడిపోకుండా పట్టుకున్న చేతులవి. ఆవిణ్ణి ఎవరూ బలవంతపెట్టలేదు.

ఒకే ధాతువు ఒక ఆడదాని నోట భయంగానూ, ఇంకొక ఆడదాని ఒడిలో భరోసాగానూ పలికిందంటే, తేడా మాటలో లేదు. కాదనే వీలు ఉండడంలోనూ లేకపోవడంలోనూ ఉంది.

మన పెళ్లిచూపులయ్యాక ‘అమ్మాయి ఊఁ అంది’ అని మురిసిపోతాం. అందరం అక్షింతలు వేసి తథాస్తు అంటాం. అనే ముందు ఒక్కసారి చూసుకుందాం, ఆ పిల్లకు ఊహూఁ అనే వీలు కూడా ఇచ్చామా అని.